కుందేలుకు నెలల తరబడి యాంటీబయాటిక్: ఎంతకాలం ఇవ్వవచ్చు, ఏమేమి గమనించుకోవాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మల్లి అనే నాలుగేళ్ల ఆడ కుందేలు ఉంది. శ్రావణ మాసం చివర్లో ఒకరోజు దువ్వుతుండగా ఎడమ దవడ కింద రేగుపండంత గడ్డ నా వేలికి తగిలింది. దగ్గరలో చూపిస్తే, చిన్నపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ తియ్యని సిరప్ నోటి ద్వారా పోయమన్నారు. మూడో రోజుకు మల్లి మేత పూర్తిగా మానేసింది, నీళ్లలాంటి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రాత్రి అది బతుకుతుందని మేము అనుకోలేదు. మర్నాడే కుందేళ్లను చూసే అలవాటున్న మరో వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాము. ఆవిడ ఆ సిరప్ వెంటనే ఆపించి, సెలైన్ ఎక్కించి, కోలుకున్న తరువాత ఎక్స్‌రే తీశారు. కింది దవడలో ఒక నమిలే పన్ను వేరు దగ్గర చీము పట్టిందనీ, ఎముకకు కూడా పాకిందనీ తేలింది. ఆపరేషన్ చేసి గడ్డను పొరతో సహా తీసివేశారు, ఆ పన్ను పీకారు, గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచి రోజూ కడగమన్నారు.

అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా, రోజు విడిచి రోజు బెంజథైన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తున్నాము. నేటికి ఏడు వారాలు నిండాయి. గాయం మూసుకుపోయింది, చేతికి గడ్డ తగలడం లేదు. అయినా మరో రెండు నెలలు కొనసాగించాలని డాక్టరు గారు అంటున్నారు. ఇన్ని మందులకు కాలేయం, మూత్రపిండాలు చెడిపోతాయని మా అత్తగారు రోజూ బాధపడుతున్నారు. నోటి ద్వారా ఇస్తే ప్రాణం మీదకు తెచ్చిన మందు జాతికే చెందిన పెనిసిలిన్‌ను ఇంజెక్షన్‌గా ఎలా ఇవ్వగలుగుతున్నారో నాకు అర్థం కావడం లేదు. మరో విషయం: వారం రోజులుగా తెల్లవారేసరికి గూట్లో మెత్తటి, జిగురుగా ఉండే పెంటికలు తినకుండా మిగిలిపోతున్నాయి. జబ్బుకు ముందు బరువు 1.9 కిలోలు, ఆపరేషన్ తరువాత 1.65, ఇప్పుడు 1.74. మందు చేదుగా ఉంటుందని అరటిపండు గుజ్జులో కలిపి తినిపిస్తున్నాను, పొట్టకు మంచిదని కాస్త పెరుగు కూడా పెడుతున్నాను. గడ్డ కనిపించడం లేదు కాబట్టి మందు ఆపవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (హైదరాబాద్ నుంచి)

మీ ఆందోళన నాకు బాగా తెలుసు, ఎందుకంటే సరిగ్గా ఇదే స్థితిలో నేను తప్పు చేశాను. మా కుందేలుకు కూడా పన్ను వేరు దగ్గరే చీముగడ్డ వచ్చింది. మూడు వారాల మందుతో గడ్డ కరిగిపోయినట్టు కనిపించింది, అది చక్కగా గెంతుతూ తింటోంది, ఇక చాలుననుకుని డాక్టరు గారిని అడగకుండానే ఆపేశాను. నలభై రోజుల తరువాత అదే చోట, ఈసారి మరింత లోతుగా, కంటి కిందికి వచ్చేలా చీము పట్టింది. రెండో ఆపరేషన్‌కు మొదటిదానికన్నా చాలా ఎక్కువ కష్టపడ్డాము. చేతికి గడ్డ తగలకపోవడం వేరు, ఎముకలో జబ్బు తగ్గడం వేరు. ఈ తేడాను నేను అప్పుడు గ్రహించలేదు.

నెలల తరబడి మందు ఇవ్వవలసి వచ్చినప్పుడు నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను. కుందేలును తువ్వాలులో ముందుకాళ్లు బయటికి రాకుండా చుట్టి, ఒడిలో కాకుండా నేల మీదే కూర్చోబెట్టి, సూది లేని 1 మి.లీ. సిరంజిని ముందుపళ్లకు, నమిలేపళ్లకు మధ్య ఉండే ఖాళీలో పక్కనుంచి పెట్టాలి. ఒక్కసారిగా నొక్కితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రెండు చుక్కలు వదిలి, పెదవులు కదిలి గుటక పడిందని చూసుకుని, మళ్లీ రెండు చుక్కలు వదలాలి. అయిన వెంటనే నేను కొత్తిమీర కాడ ఒకటి ఇచ్చేదాన్ని. రెండు వారాలు గడిచేసరికి తువ్వాలు చూడగానే అది కొత్తిమీర కోసం ఎదురుచూసేది.

వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి గోడ క్యాలెండర్ మీద రాయండి. మందు పడని రోజు వస్తే, అది కంటికి కనిపించే ముందే ఆ అంకెల్లో కనిపిస్తుంది.

సమాధానం 2 (పశువైద్యుడు, తిరుపతి నుంచి)

అమ్మా, మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. ముందుగా పెనిసిలిన్ సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ అక్కడి నుంచే అర్థమవుతాయి.

కుందేలు తిన్న గడ్డి పీచు ఆవుకు మాదిరిగా ముందుపొట్టలో కాకుండా, పేగుల చివరి భాగంలో ఉండే సీకం అనే పెద్ద సంచిలో పులుస్తుంది. అక్కడ కోట్లాది మేలు చేసే సూక్ష్మజీవులు ఒక సమతూకంలో నివసిస్తాయి. పెనిసిలిన్ జాతి మందులను నోటి ద్వారా ఇస్తే అవి పేగుల గుండా ఆ సంచి దాకా చేరి, అక్కడి మంచి సూక్ష్మజీవులను చంపుతాయి. ఖాళీ అయిన చోటును క్లాస్ట్రిడియం స్పైరోఫార్మే వంటి బాక్టీరియా ఆక్రమించి విషం విడుదల చేస్తుంది. మూడో రోజున మీ మల్లిలో కనిపించిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ కుందేలుకు నోటి ద్వారా ఎన్నడూ ఇవ్వకూడదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి, తప్పుగా లోపలికి పోయినది ఏదీ తిరిగి బయటికి రాదు. అదే పెనిసిలిన్‌ను చర్మం కింద ఇస్తే రక్తంలో కలిసి చీము ఉన్న చోటుకు చేరుతుంది, పేగులోకి వెళ్లేది చాలా తక్కువ. 1929లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్ గురించి తొలి వ్యాసం రాసినప్పుడు, ఆ ద్రవాన్ని ఒక కుందేలుకు రక్తనాళంలోకి ఎక్కించి, దానికి హాని జరగలేదని నమోదు చేశాడు. బెంజథైన్ పెనిసిలిన్‌ను మాత్రం రక్తనాళంలోకి ఎన్నడూ ఎక్కించకూడదు. ఇది రుమాటిక్ గుండెజబ్బు ఉన్న పిల్లలకు మూడు వారాలకొకసారి కండలోకి ఇచ్చే మందే. చిక్కటి తెల్లని మందు కాబట్టి సన్నని సూదిలో అడ్డుపడుతుంది. సీసాను బాగా కదిపి, డాక్టరు గారు చెప్పిన సూదినే వాడండి, ప్రతిసారీ చోటు మార్చండి.

రెండు మందులు కలిపి ఎందుకు ఇస్తున్నారన్న అనుమానం కూడా మీకు రావచ్చు. పన్ను వేరు దగ్గరి చీములో గాలి తగలని చోట పెరిగే బాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ పాశ్చురెల్లా వంటి బాక్టీరియా మీద చక్కగా పనిచేస్తుంది కానీ, గాలి లేని చోట పెరిగే వాటి మీద బలహీనం. ఆ లోటును పెనిసిలిన్ పూరిస్తుంది. పైగా కుందేలు చీము మనిషి చీములా జారదు, టూత్‌పేస్ట్‌లా గట్టిగా, మందమైన పొర లోపల ఉంటుంది. ఆ పొరను దాటి మందు లోపలికి సరిగా చేరదు. అందుకే పొరను, పన్నును తీయకుండా ఎన్ని నెలలు మందు ఇచ్చినా ప్రయోజనం అంతంతమాత్రమే. మీ వైద్యురాలు చేయవలసిన క్రమంలోనే చేశారు. ఎముకకు పాకిన జబ్బుకు నెలల పాటు మందు ఇవ్వడం అతి కాదు. ఎప్పుడు ఆపాలో తేల్చేది చేతి స్పర్శ కాదు, మళ్లీ తీసే ఎక్స్‌రే.

కాలేయం, మూత్రపిండాల గురించి మీ అత్తగారి భయం అనవసరమైనది కాదు. ఈ రెండు మందులనూ కుందేళ్లు సాధారణంగా బాగానే తట్టుకుంటాయి, కానీ తట్టుకుంటున్నాయో లేదో ఊహించడం కంటే నెలకో నెలన్నరకో ఒకసారి రక్తపరీక్ష చేయించడం మేలు. నొప్పికి మెలాక్సికామ్ కూడా ఇస్తూ ఉంటే నీళ్లు తాగుతోందో లేదో తప్పక చూడండి.

ఇక అరటిపండు, పెరుగు. ఈ రెండూ ఈరోజే ఆపండి. పెరుగులోని కాల్షియం ఎన్రోఫ్లాక్సాసిన్‌ను పట్టి ఉంచి, రక్తంలోకి సరిగా పోనివ్వదు. మీరు ఇస్తున్న మోతాదు కాగితం మీద సరిపోయినా, ఒంట్లో తక్కువపడుతూ ఉండవచ్చు. రోజుకు రెండుసార్లు అరటిపండు తింటే ఆ చక్కెర, పిండిపదార్థం సీకంలో పులుపు సమతూకాన్ని చెడగొడతాయి. మీరు చూసిన మెత్తటి పెంటికలు కుందేలు మామూలుగా నేరుగా నోటితో అందుకుని తినేవి, ద్రాక్షగుత్తిలా ఉండేవి. అవి మిగిలిపోతున్నాయంటే మేత మరీ బలంగా ఉందని గానీ, దవడ నొప్పితో వంగలేకపోతోందని గానీ అర్థం. ముందు మేతను సరిదిద్దండి. తినే దానిలో ఎక్కువ భాగం ఎండుగడ్డి, గరిక ఉండాలి. కృష్ణాతీరంలో గరికకు కొరత లేదు. పురుగుమందు చల్లిన పొలం గరికను కాదు, మీకు తెలిసిన చోటిదే కోసుకురండి. ఎండు లూసర్న్ (పశువులకు వేసే ఒక మేత) రోజూ వద్దు, అందులో కాల్షియం ఎక్కువ.

పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు రాకపోయినా, నీళ్లలా విరేచనమైనా, అర్ధరాత్రయినా వైద్యుడిని పిలవండి. తెల్లవారేదాకా ఆగవద్దు.

సమాధానం 3 (ఇంగ్లండ్, బర్మింగ్‌హామ్ నుంచి)

డాక్టరు గారు చెప్పిన దానితో నేను ఏకీభవిస్తున్నాను, అయితే దీర్ఘకాల చికిత్స అన్ని జబ్బులకూ ఒకే అర్థం ఇవ్వదని నా అనుభవం నుంచి చెప్పాలనిపించింది. మా కుందేలుకు ఏళ్ల తరబడి తుమ్ములు, ముక్కు నుంచి తెల్లని చీమిడి ఉండేవి. ముఖం తుడుచుకుని తుడుచుకుని ముందుకాళ్ల లోపలివైపు వెంట్రుకలు ఎప్పుడూ అట్టకట్టి ఉండేవి. మందు ఇచ్చిన నాలుగు వారాలు తగ్గడం, ఆపిన పది రోజులకు మళ్లీ మొదలవడం, ఇలా మూడుసార్లు జరిగింది. మూడోసారి ముక్కులోని స్రావాన్ని కల్చర్‌కు (అందులోని బాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు) పంపితే, మొదట పనిచేసిన మందుకు ఆ బాక్టీరియా లొంగడం లేదని తేలింది. అప్పుడు మా డాక్టరు కొత్త మందు రాయడానికి బదులు తలకు స్కాన్ తీయించారు. ముక్కులోని సన్నని ఎముకలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. ఈ జబ్బు పూర్తిగా పోదనీ, ఊపిరికి ఇబ్బంది లేనంతవరకు యాంటీబయాటిక్ లేకుండా, ఉప్పునీటి ఆవిరి పట్టిస్తూ, దుమ్ము లేని గడ్డి వేస్తూ చూసుకోవాలనీ చెప్పారు. జబ్బు ముదిరినప్పుడు మాత్రమే, కల్చర్ చూసి, మందు ఇచ్చేవాళ్లం.

అందుకని మీరు మీ వైద్యురాలిని ఒక్క మాట అడగండి: ఆపరేషన్ సమయంలో చీము పొర ముక్కను కల్చర్‌కు పంపారా? గడ్డ మధ్యలోని చీములో తరచూ ఏమీ పెరగదని, పొర నుంచి తీసిన నమూనా నమ్మదగినదని మాకు చెప్పారు. ఆ ఫలితం మీ దగ్గర ఉంటే, రెండు నెలల మందు నమ్మకంతో ఇవ్వగలుగుతారు.

తిరిగి అడిగినవారు (విజయవాడ, ఆరు రోజుల తరువాత)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అరటిపండు, పెరుగు ఆ రోజే ఆపేశాను. తువ్వాలు, సిరంజి పద్ధతి మొదటి రెండు రోజులు చాలా కష్టమైంది, నా చేతి మీద గీతలు పడ్డాయి. మూడో రోజు నుంచి మందు అంతా లోపలికి పోతోంది. గూట్లో మెత్తటి పెంటికలు నిన్న ఒక్కటే మిగిలింది, ఈరోజు ఏమీ లేవు. బరువు 1.78 కిలోలకు వచ్చింది.

డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను. పొర ముక్కను కల్చర్‌కు పంపారట, అందులో పెరిగిన వాటికి ఈ రెండు మందులూ పనిచేస్తాయని వచ్చిందట. పెరుగు సంగతి చెప్పగానే ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, ఇది తాను ముందే అడిగి ఉండవలసిందని అన్నారు. రక్తపరీక్ష ఈ శనివారం, ఎక్స్‌రే మరో మూడు వారాలకు. మా అత్తగారు ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్లి గరిక తానే కోసుకొస్తున్నారు. ఈ ఉదయం మల్లి ఆవిడ చేతిలోంచి ఒక పోచను లాక్కుని, ఆపరేషన్ అయిన నాటి నుంచి వాడని ఎడమ దవడతో, కొస దాకా నమిలి తినేసింది.