ఉష్ణమండల వ్యాధుల పరిశోధనకు విదేశం వెళ్లే విద్యార్థులకు ముందుగా ఏమి నేర్పాలి?

ప్రశ్న:

మా విభాగం నుంచి కొందరు పీజీ విద్యార్థులు ఆఫ్రికాలోని ఒక పరిశోధన కేంద్రానికి వెళ్లి, బడి పిల్లల్లో షిస్టోసోమియాసిస్ (చెరువులు, కాలువల నీటిలో దిగినప్పుడు చర్మం గుండా ప్రవేశించే పరాన్నజీవి పురుగుల వల్ల వచ్చే వ్యాధి), నులిపురుగుల వ్యాప్తిపై కొన్ని వారాలు పనిచేయబోతున్నారు. ప్రయాణానికి ముందు వారికి ఇవ్వవలసిన శిక్షణను రూపొందించే పని నాకు అప్పగించారు. టీకాలు, ప్రయాణ బీమా, పరాన్నజీవుల జీవితచక్రాలపై ఉపన్యాసాలు, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (మనుషులపై పరిశోధనలో పాటించవలసిన ప్రమాణాలు) ఆన్‌లైన్ కోర్సు ఇప్పటికే ప్రణాళికలో ఉన్నాయి. ప్రతి విద్యార్థీ తన సొంత పరిశోధన ప్రశ్నతోనే వెళ్లాలని విభాగంలో కొందరు పట్టుబడుతున్నారు. ఈ శిక్షణ సరిపోతుందా? ఇలాంటి బృందాలతో పనిచేసినవారు చెప్పగలరా?

సమాధానం 1 (పరాన్నజీవశాస్త్ర ప్రయోగశాల):

జీవితచక్రాల ఉపన్యాసాలను సగానికి తగ్గించి, ఆ సమయాన్ని మైక్రోస్కోపుకు ఇవ్వండి. అక్కడ మీ విద్యార్థులు ఎక్కువగా చేయబోయేది కాటో-కాట్జ్ పద్ధతిలో, అంటే కొలిచిన మలాన్ని స్లైడుపై పరిచి, గ్లిజరిన్‌లో నానబెట్టిన సెల్లోఫేన్‌తో కప్పి, పురుగుల గుడ్లను లెక్కించడమే. ప్రామాణిక అచ్చులో పట్టే మలం 41.7 మిల్లీగ్రాములు కాబట్టి, స్లైడులో కనిపించిన గుడ్ల సంఖ్యను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఇది పుస్తకంలో ఒక్క వాక్యం. చిక్కంతా సమయంలో ఉంది. గ్లిజరిన్ ప్రభావానికి కొంకిపురుగు (హుక్‌వర్మ్) గుడ్లు త్వరగా మాయమవుతాయి కనుక స్లైడు తయారైన 30 నుంచి 60 నిమిషాల లోపే వాటిని చూడాలి. షిస్టోసోమియాసిస్ పురుగుల్లో మలంలో గుడ్లు కనిపించే జాతి అయిన షిస్టోసోమా మాన్సోనీ గుడ్లు మాత్రం స్లైడు బాగా తేటపడ్డాకే స్పష్టంగా కనిపిస్తాయి. అందువల్ల ఒకే స్లైడును రెండుసార్లు చదవవలసి వస్తుంది. ఉదయం వంద నమూనాలు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఈ క్రమాన్ని తప్పకుండా ఉండటం సాధనతో తప్ప రాదు.

మూత్ర నమూనాల విషయమూ అంతే. మూత్రంలో గుడ్లు విసర్జించే జాతి అయిన షిస్టోసోమా హెమటోబియం గుడ్లు పగలు 10 గంటల నుంచి 2 గంటల మధ్య ఎక్కువగా విసర్జితమవుతాయి కాబట్టి, బడి వేళలు, వాహనం, ప్రయోగశాల వేళలు మూడూ ఆ వ్యవధి చుట్టూ అమరాలి. ఇద్దరు విద్యార్థుల చేత ఒకే స్లైడును విడివిడిగా లెక్కింపజేసి, తేడా ఎందుకు వచ్చిందో వారి చేతనే చెప్పించండి.

సమాధానం 2 (ఎథిక్స్ కమిటీ సభ్యురాలు):

అనుమతుల సంగతి మీ ప్రణాళికలో ఎక్కడా కనిపించలేదు. మీ విశ్వవిద్యాలయ కమిటీ ఆమోదం ఒక్కటే చాలదు, ఆతిథ్య దేశపు కమిటీ ఆమోదమూ కావాలి. దానికి నెలలు పడుతుంది. నమూనాలను దేశం దాటించాలంటే పదార్థ బదిలీ ఒప్పందం (నమూనాలను ఎవరు, దేనికి వాడవచ్చో రెండు సంస్థలు రాసుకునే ఒప్పందం) ఉండాలి. జన్యు వనరుల వాడకం, దాని ప్రయోజనాల పంపిణీపై 2014లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం నగోయా ప్రోటోకాల్ కింద ఆ దేశం చేసుకున్న చట్టాలు వర్తిస్తాయేమో ముందే విచారించాలి. సాధ్యమైనంత వరకు నమూనాలను అక్కడే పరీక్షించడం అన్నివిధాలా మేలు.

బడి పిల్లలతో పని కాబట్టి తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారమూ వారి భాషలోనే తీసుకోవాలి. పురుగులున్నట్లు తేలిన బిడ్డకు చికిత్స ఎవరు ఇస్తారు, పురుగుల మందులైన ప్రాజిక్వాంటెల్, ఆల్బెండజోల్ ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి మొదటి నమూనా తీసుకోకముందే తేలాలి. విద్యార్థులు వైద్యులు కారని, చికిత్స స్థానిక ఆరోగ్య సిబ్బంది చేతుల మీదుగానే జరగాలని స్పష్టంగా చెప్పండి. తెల్లకోటు వేసుకున్న విదేశీయుణ్ణి చూసి ఊరివారు వైద్యుడని అనుకోవడం సహజం.

సమాధానం 3 (క్షేత్ర పరిశోధన సమన్వయకర్త):

సొంత ప్రశ్న విషయంలో మీ విభాగంవారితో నేను ఏకీభవించను. కొన్ని వారాల్లో కొత్త ప్రశ్నకు అనుమతి తెచ్చుకుని, నమూనాలు సేకరించి, విశ్లేషించడం కుదిరే పని కాదు. విదేశాల్లో ఆరోగ్య పరిశోధన శిక్షణకు తోడ్పడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫోగార్టీ కేంద్రం ఇచ్చే ఫెలోషిప్పుల వ్యవధి సుమారు ఏడాది అని గుర్తుంచుకోండి. ఆతిథ్య కేంద్రంలో అప్పటికే సాగుతున్న అధ్యయనంలో ఒక భాగాన్ని మీ విద్యార్థికి ఇమ్మని అడగండి. దానికి అనుమతులు ఉంటాయి, పర్యవేక్షకులు ఉంటారు, విద్యార్థి వెనుదిరిగాక కూడా పని ఆగదు. అక్కడి విద్యార్థి ఒకరితో జత కలిపి, రచయితల జాబితాలో ఎవరి పేరు ఎక్కడ ఉంటుందో ముందే రాసుకోండి. నమూనాలు పట్టుకుపోయి వ్యాసాలు రాసుకునే పరిశోధనపై ఆ దేశాలవారికి ఉన్న ఆగ్రహం న్యాయమైనదే.

భద్రత గురించి ఒక మాట. టీకాలకిచ్చే శ్రద్ధ రోడ్డు ప్రయాణానికీ ఇవ్వాలి; రాత్రివేళ వాహన ప్రయాణం వద్దని నియమం పెట్టండి. షిస్టోసోమియాసిస్ మీద పనిచేయడానికి వెళ్లి చెరువులో ఈత కొట్టే విద్యార్థులు కూడా ఉంటారు, నమ్మండి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ ధన్యవాదాలు. సొంత ప్రశ్నల ఆలోచన పక్కనపెట్టి, అనుమతుల పనిని ముందుకు తెస్తాను. కొంకిపురుగు గుడ్ల సాధనకు నిల్వ ఉంచిన కాటో-కాట్జ్ స్లైడులు పనికివస్తాయా?

సమాధానం 1 (పరాన్నజీవశాస్త్ర ప్రయోగశాల):

పనికిరావు. ఏలికపాము, కొరడాపురుగు గుడ్లు అలాంటి స్లైడుల్లో చాలాకాలం నిలుస్తాయి కాబట్టి వాటిని మీ దగ్గరే నేర్పవచ్చు. కొంకిపురుగు గుడ్ల ఆకారాన్ని చిత్రాల్లో చూపి పంపండి. లెక్కింపు మాత్రం ఆతిథ్య ప్రయోగశాలలో, తాజా నమూనాలపై, అక్కడి అనుభవజ్ఞుడైన టెక్నీషియన్ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. మొదటి వారంలో అందుకు సమయం కేటాయించమని ఇప్పుడే ఆ కేంద్రానికి రాయండి. ఆ సాధనలో చదివిన స్లైడుల లెక్కలను అధ్యయనంలో కలపవద్దు.