అంటార్కిటికా మంచు గొయ్యిలో లోతుకు పోయేకొద్దీ నైట్రేట్ ఎందుకు తగ్గుతోంది?

నీటిచుక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో రసాయన శాస్త్రం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తూర్పు అంటార్కిటికా లోపలి పీఠభూమి మీద 2005-06 వేసవిలో తవ్విన ఒక మంచు గొయ్యి తాలూకు అయాన్ల పట్టికను ప్రాజెక్టు పని కోసం మా గైడ్ గారు ఇచ్చారు. గొయ్యి లోతు ఒకటిన్నర మీటరు, 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 30 నమూనాలు. అక్కడ ఏడాదికి పేరుకునే మంచు సుమారు 8 సెంటీమీటర్లేనట.

నైట్రేట్ విలువలకు గ్రాఫు గీస్తే ఉపరితలం దగ్గర కిలో మంచుకు 300 మైక్రోగ్రాములకు పైగా ఉంది. అర మీటరు లోతుకు వచ్చేసరికి 40కి పడిపోయి, అక్కడి నుంచి అడుగు దాకా ఇంచుమించు అలాగే సాగింది. "గత ఐదారేళ్లలో వాతావరణంలో నైట్రేట్ బాగా పెరిగింది" అని రాసుకుని చూపిస్తే, గైడ్ గారు "ఈ వాక్యం రాసే ముందు ఒక్కసారి సూర్యుణ్ణి తలచుకో" అని మాత్రం అన్నారు. నా తప్పు ఎక్కడుంది? నైట్రేట్‌నే నమ్మలేకపోతే మిగతా అయాన్లను నమ్మవచ్చా? ఏ పొర ఏ సంవత్సరానిదో ఎలా తేల్చాలి?

వెన్నెలపొడి:

నీటిచుక్క గారూ, మీ గైడ్ గారి మాటలోనే జవాబు ఉంది. నైట్రేట్ మంచుతో పాటు పడి, పడినచోటే స్థిరంగా ఉండిపోయే అయాను కాదు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. 300 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉండే అతినీలలోహిత కాంతి మంచు రేణువుల మధ్య చెదురుతూ పది, ఇరవై సెంటీమీటర్ల లోతు దాకా దిగుతుంది. ఆ వెలుతురుకు నైట్రేట్ విచ్ఛిన్నమై నైట్రోజన్ డయాక్సైడుగా మారి, రేణువుల సందుల గుండా గాలిలోకి లేచిపోతుంది. కొంత భాగం నైట్రిక్ ఆమ్లంగా నేరుగానే ఆవిరవుతుంది. ఇలా పైకి పోయినది గాలిలో మళ్లీ నైట్రిక్ ఆమ్లమై ఉపరితలం మీదికే తిరిగి దిగుతుంది కనుక, పై పొరలో ఎప్పుడు చూసినా నైట్రేట్ దండిగానే కనిపిస్తుంది. మీరు గీసిన గ్రాఫు వాతావరణ చరిత్ర కాదు. పడిన తరువాత జరిగిన నష్టానికి అది చిత్రం.

1990ల చివర గ్రీన్‌లాండ్ శిఖర ప్రాంతంలో మంచు సందుల్లోని గాలిని కొలిచినప్పుడు, మంచే నైట్రోజన్ ఆక్సైడులను పుట్టిస్తోందని తేలింది. దక్షిణ ధ్రువంలో కూడా అదే కాలంలో, నిర్మలమైన గాలిలో ఎవరూ ఊహించనంత నైట్రిక్ ఆక్సైడు కనిపించింది. అంతవరకూ మంచును పడినదాన్ని పడినట్టు దాచే పెట్టెగా చూడటమే అలవాటు.

ఈ నష్టానికి నిదర్శనం ఐసోటోపులలో, అంటే ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలలో, ఉంది. నైట్రోజన్-14 ఉన్న నైట్రేట్ కాస్త త్వరగా విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల పీఠభూమి మీద లోతున మిగిలిన నైట్రేట్‌లో నైట్రోజన్-15 పాలు గాలి నైట్రోజన్‌తో పోలిస్తే వెయ్యికి కొన్ని వందల దాకా పెరుగుతుంది. కేవలం గాలిలోని నైట్రేట్ హెచ్చుతగ్గుల వల్ల అంత తేడా రాదు.

ఎంత నిలుస్తుందన్నది ప్రధానంగా మంచు ఎంత త్వరగా కప్పుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. గ్రీన్‌లాండ్ శిఖరం మీద ఏడాదికి అర మీటరుకు మించి మంచు పేరుకుంటుంది కాబట్టి, పొర ఒక వేసవి గడిచేలోపే వెలుతురు అందని లోతుకు చేరుతుంది, నైట్రేట్ రుతువుల వారీ తేడా కూడా చాలావరకు నిలుస్తుంది. మీ గొయ్యిలో ప్రతి పొరా రెండు వేసవులైనా ఎండలో నానింది.

మిగతా అయాన్ల విషయానికి వస్తే, సోడియం, సల్ఫేట్ ఆవిరయ్యేవి కావు. వాటిని నమ్మవచ్చు. క్లోరైడు మాత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా కొంత పోతుంది. సముద్రపు నీటిలో క్లోరైడు, సోడియం బరువుల నిష్పత్తి 1.8. మీ నమూనాల్లో అది లోతుకు పోయేకొద్దీ అంతకంటే తగ్గుతూ ఉంటే క్లోరైడు నష్టపోయిందని అర్థం.

మంచుపార:

నేను ఒక యాత్రా బృందంతో వెళ్లి ఇలాంటి గోతులు తవ్వినవాణ్ణి కనుక ఒక్క విషయం చెప్పాలనిపించింది. పట్టికలోని అంకె, అయాన్లను వేరుచేసి కొలిచే అయాన్ క్రొమటోగ్రఫీ యంత్రం దగ్గర మొదలు కాదు, పార దగ్గర మొదలవుతుంది. గొయ్యిని శిబిరానికి గాలి వచ్చే వైపున, జనరేటరు పొగా వాహనాల పొగా సోకని దూరంలో తవ్వుతాము. నమూనా తీసే గోడ కూడా గాలి వచ్చే వైపుదే. ఆ వైపు ఉపరితలం మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. తవ్విన గోడను శుభ్రమైన పలకతో మరో పది సెంటీమీటర్లు లోపలికి చెక్కి, రాలిన మంచు కింది నమూనాలలో పడకుండా అడుగు నుంచి పైకి తీసుకుంటూ వస్తాము. ఊలు చేతితొడుగుల మీద పాలిథీన్ తొడుగులు వేసుకుని, కొయ్యబారిన వేళ్లతో సీసా మూత బిగించడానికే ఒక్కోసారి నిమిషం పట్టేది. ముక్కుకు గుడ్డ లేకుండా గోడ మీదికి వంగితే, ఊపిరి తేమ ఆ గోడ మీదే తెల్లగా గడ్డకడుతుంది.

తిరిగి వచ్చాక ఒకసారి మా నమూనాలను కరగబెట్టే గదిలో మూతలు వదులు చేసి ఒక రాత్రి ఉంచాము. మరునాడు అమ్మోనియం విలువలు పొరతో సంబంధం లేకుండా అన్నింటిలోనూ ఎక్కువగా వచ్చాయి. ముందు రోజు సాయంత్రం అక్కడ నేల తుడిచిన ద్రవంలో అమ్మోనియా ఉందని తరువాత తెలిసింది. రెండు నెలల శ్రమలో ఆ ఒక్క అయాను మొత్తం పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీ పట్టికలో ఖాళీ నమూనాల విలువలు, అంటే శుద్ధ జలాన్ని అవే సీసాలలో పోసి కొలిచిన విలువలు, ఉన్నాయో లేదో మొదట చూడండి. లేకపోతే తప్పక అడగండి.

అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ బృందం 1969లో ప్రచురించిన సీసపు కొలతలు గుర్తు చేసుకోండి. గ్రీన్‌లాండ్ మంచులో క్రీస్తుపూర్వం 800 నాటికి కిలోకు 0.001 మైక్రోగ్రాముకు లోపే ఉన్న సీసం, వారి కాలానికి 0.2 మైక్రోగ్రాములు దాటింది. అంత సూక్ష్మమైన కొలతలో, పరికరాల నుంచీ బట్టల నుంచీ రాలే సీసం అసలు సీసాన్ని ముంచెయ్యకుండా చూడటమే వారి పనిలో సగం.

పాతలెక్క:

కాలనిర్ణయం గురించి. తీరానికి దగ్గరగా, మంచు ఎక్కువ పడే చోట సోడియం శీతకాలంలోను, సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చే మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం వేసవిలోను ఎక్కువగా ఉంటాయి కనుక చెట్టు వలయాల్లా ఏళ్లు లెక్కపెట్టవచ్చు. మీ గొయ్యిలో అది కుదరదు. ఏడాదికి 8 సెంటీమీటర్లు పేరుకునే చోట 5 సెంటీమీటర్ల నమూనా తీస్తే, ఒక సంవత్సరానికి రెండు నమూనాలైనా రావు. పైగా అక్కడి గాలి మంచును గట్లు గట్లుగా కోస్తుంది. ఆ గట్ల ఎత్తు ఒక ఏటి మంచు కంటే ఎక్కువ కావడం వల్ల కొన్ని సంవత్సరాలు గొయ్యిలో అసలు ఉండకపోవచ్చు.

కాబట్టి తేదీ తెలిసిన గుర్తులను పట్టుకోండి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో, ఆగస్టులో చిలీలోని హడ్సన్ అగ్నిపర్వతాలు బద్దలయ్యాయి. వాటి సల్ఫేట్ 1991 చివరి నుంచి తరువాతి ఒకటి రెండేళ్ల పొరల్లో అంటార్కిటికా అంతటా కనిపిస్తుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్, సోడియం బరువుల నిష్పత్తి 0.25 కనుక, సోడియంను 0.25తో గుణించి మొత్తం సల్ఫేట్ నుంచి తీసివేస్తే సముద్రపు ఉప్పుది కాని భాగం మిగులుతుంది. దానిలో శిఖరం వెతకండి. పేరుకునే లెక్క నిజమైతే అది మీటరు దాటిన కాసేపటికే రావాలి.

నీటిచుక్క:

పాతలెక్క గారూ, వచ్చింది. 105 నుంచి 115 సెంటీమీటర్ల మధ్య రెండు నమూనాల్లో సల్ఫేట్ చుట్టుపక్కల పొరలకు రెట్టింపు ఉంది. సోడియంలో మాత్రం ఆ పెరుగుదల లేదు. మంచుపార గారూ, ఖాళీ నమూనాల విలువలు వేరే పట్టికలో ఉన్నాయట, తెప్పిస్తున్నాను. పోల్చి చూడమని ఇచ్చిన తీరపు గొయ్యికి కూడా ఇదే 0.25 లెక్క వేస్తే, కొన్ని పొరల్లో సముద్రేతర సల్ఫేట్ సున్నా కంటే తక్కువ వస్తోంది. యంత్రం పొరపాటనుకుని వాటిని సున్నా చేయవచ్చా?

ఉప్పుగాలి:

దయచేసి చేయకండి. ఆ పొరల్లో సోడియం ఎక్కువగా ఉందేమో చూడండి. ఉంటే అవి శీతకాలపు పొరలు. సముద్రం గడ్డకట్టేటప్పుడు మిగిలిన ఉప్పునీరు సుమారు మైనస్ 6 నుంచి 8 డిగ్రీలకు చల్లబడగానే, సోడియం సల్ఫేట్ నీటి అణువులతో కలిసి మిరాబిలైట్ అనే స్ఫటికంగా అందులోంచి విడిపోతుంది. ఆ సముద్రపు మంచు మీది నుంచి గాలికి లేచే ఉప్పులో సల్ఫేట్ తక్కువగా ఉంటుంది కనుక, అక్కడ 0.25 నిష్పత్తి చెల్లదు. మీరు లేనిదాన్ని కూడా తీసివేస్తున్నారు. తీరపు గొయ్యిలో సోడియం బాగా ఎక్కువగా ఉన్న పొరలను వేరు చేసి, సోడియం ఎదురుగా మొత్తం సల్ఫేట్ గ్రాఫు గీయండి. అడుగు అంచున కనిపించే వాలు మీ చోటికి తగిన నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది. ఆ నిష్పత్తితో శీతకాలపు పొరలకు లెక్క మళ్లీ వేసి, పాత విలువలను కూడా పక్కనే ఉంచి మీ గైడ్ గారికి చూపించండి.