కాకి లినోకట్‌లో ఈకలు చేప పొలుసుల్లా పడుతున్నాయి

ప్రశ్న:
15×20 సెం.మీ. లినో బ్లాకు (చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసే మెత్తని పలక), నల్ల సిరా ఒక్కటే. కొమ్మ మీద ఊరకాకి. 1 మి.మీ. వి-గౌజ్‌తో (V ఆకారపు మొన ఉన్న చెక్కుడు ఉలి) ఒళ్లంతా ఈకలు చెక్కితే ప్రింటులో పొలుసుల్లా కనిపిస్తున్నాయి. మెడ దగ్గరి బూడిద రంగు తెల్ల మచ్చలా తేలుతోంది. సన్న గీతలు కొన్ని పూడుకుపోతున్నాయి. ఏం మార్చాలండీ?

జవాబు 1:
ఒక్కో ఈక చుట్టూ గీత గీసినట్టు చెక్కడంతోనే వచ్చింది చిక్కంతా. చెక్కింది తెలుపు, వదిలింది నలుపు. కాకికి కావలసిన నలుపు బ్లాకులో ముందే ఉంది కదా, వెలుగు తగిలే చోటే చెక్కండి: నడినెత్తి, భుజం, రెక్కలోని పెద్ద ఈకల పై అంచులు. పొట్ట కింద అసలు గౌజ్ పెట్టకండి. చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్ చూడండి, నల్లటి నేల మీద కాసిని తెల్ల గీతలతోనే మనిషి నడక పలికింది.

గాటు ఈక పెరిగే దిశలోనే, మొదలు నుంచి కొసకి సాగాలి. పైపైన మొదలుపెట్టి, మధ్యలో పిడి కాస్త ఎత్తి, చివర దించుతూ తేల్చేస్తే గీత సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నబడుతుంది. లోతూ పొడవూ అన్నిటికీ ఒకటే అయితే వల పరిచినట్టుంటుంది. తల మీద 2–3 మి.మీ. పొట్టి గాట్లు చాలు. రెక్క మీద 3–4 సెం.మీ. గీత ఒక్క ఊపులో లాగాలి, ఆగితే ఆ చోట ముడి పడుతుంది. వంపు దగ్గర చేతిని కాదు, బ్లాకును తిప్పండి.

జవాబు 2:
మెడ సంగతి. బూడిద రంగంటే గాట్ల మధ్య వదిలిన నలుపే. ఒత్తుగా పొట్టి గాట్లు వేస్తూ, గాటుకీ గాటుకీ మధ్య గాటంత వెడల్పు నలుపు ఉంచండి. అంచున హద్దుగీత వద్దు, గాట్లు నలుపులోకి పలచబడుతూ చొచ్చుకుపోవాలి. నెత్తి మీది కొద్ది వెలుగు గాట్లు తప్ప నెత్తి, గొంతు నల్లగానే ఉండనివ్వండి, ఊరకాకి గుర్తే అది.

పూడుకుపోవడం చాలావరకు సిరా ఎక్కువై. గాజు పలక మీద సిరా పూసే రోలర్ తిప్పితే సన్నగా బుస్సుమనాలి. తడితడిగా చప్పుడైతే సిరా ఎక్కువ ఉన్నట్టు. పలచగా మూడు నాలుగు పూతలు వేయండి.

ప్రశ్న వేసినవారు:
అర్థమైందండీ. నల్ల తలలో కన్ను కలిసిపోతోంది, చుట్టూ వలయం చెక్కనా?

జవాబు 1:
వద్దండీ, బొమ్మ కన్నులా బిగుసుకుపోతుంది. కింద నెలవంకలా ఒక్క గాటు, పైన ఒక్క మెరుపు చుక్క. గౌజ్ మొన నిలువుగా ఆనించి బ్లాకును గుండ్రంగా తిప్పితే చుక్క వస్తుంది. చెక్కేసింది మళ్లీ పూడ్చలేం కాబట్టి ముందు ఆవగింజలో సగమంత చేసి, ఒక ప్రింటు తీసి చూశాకే పెంచండి.