సింగిల్ కోర్ 11 కేవీ కేబుల్: స్క్రీన్ ఎర్త్ ఒకవైపా, రెండువైపులా?

పల్ప్_చిత్తూరు:
అన్నలారా, ఒక డౌట్. మాది చిత్తూరు పక్కన మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. మీటరింగ్ యార్డ్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా సింగిల్ కోర్ కేబుళ్లు మూడు (ఫేజుకొకటి), 240 మీటర్లు, పోయిన నెలే వేశారు. సీజన్ మొదలై లోడ్ 70 యాంప్స్‌కి రాగానే స్క్రీన్‌ని (ఇన్సులేషన్ మీదుండే రాగి పొర) ఎర్త్‌కి కలిపే అల్లిక తీగలు, అదే ఎర్త్ బ్రెయిడ్లు, వేడెక్కుతున్నాయి, టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే ఒక్కోదాంట్లో 18 యాంప్స్! కాంట్రాక్టరేమో "ఎర్త్ బాగుందని అర్థం సార్" అంటున్నాడు. బయట తోతాపురి లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, ఇప్పుడు ఆపమంటే ఓనరు నన్నే పల్ప్ చేస్తాడు.

రేణిగుంట_మెయింటెనెన్స్:
రెండు చివర్లూ ఎర్త్ చేసేశారు కదా? త్రీ కోర్ (మూడు ఫేజులూ ఒకే కేబుల్లో) అయితే మూడు ఫేజుల అయస్కాంత క్షేత్రాలు దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అక్కడ రెండువైపులా కట్టడమే పద్ధతి. సింగిల్ కోర్‌లో మాత్రం స్క్రీనూ, అల్యూమినియం ఆర్మరూ (కేబుల్‌కి రక్షణగా ఉండే తీగల పొర) ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలా పనిచేస్తాయి, రెండు చివర్లూ కడితే దారి దొరికి కరెంటు తిరుగుతూనే ఉంటుంది. నీ 18 అదే. 240 మీటర్లే కాబట్టి ఒకవైపు ఎర్త్ చేసి రెండో చివర ఇన్సులేట్ చెయ్యి. మామూలుగా అక్కడ రెండు మూడు వోల్టులే ఉంటాయి గానీ ఫాల్ట్ వస్తే వందల్లోకి లేస్తుంది, అందుకని ఎస్‌వీఎల్ (ఆ వోల్టేజి హద్దు దాటకుండా ఆపే పరికరం) పెట్టాలి, పక్కనే విడిగా ఒక ఎర్త్ కండక్టరూ లాగాలి.

తిరుపతి_జాయింటర్:
అలాగని రెండువైపులా విప్పేయకండి సామీ! ఒక కల్యాణ మండపంలో వాన రాత్రి టెర్మినేషన్ (కేబుల్ చివర కట్టు) దగ్గర చిటపటమంటోందని పిలిస్తే వెళ్లి విప్పా. స్క్రీన్ రాగి టేపుకి బ్రెయిడ్‌ని పట్టి ఉంచే స్ప్రింగే లేదు, పీవీసీ టేపు చుట్టి వదిలేశారు, లోపలంతా నల్లగా మాడింది. ఎర్త్ లేని స్క్రీన్ ఫేజు వోల్టేజికి, అంటే 6.35 కేవీ వైపుకి ఎక్కుతుంది, సందు దొరికిన చోట దూకుతుంది.

రిలే_శ్రీసిటీ:
త్రీ కోర్ వాళ్లకి ఒక మాట. కేబుల్ సీబీసీటీ (కేబుల్ చుట్టూ ఉండి ఎర్త్ ఫాల్ట్‌ని పసిగట్టే రింగు) లోంచి పైకి వచ్చాక టెర్మినేషన్ ఉంటే, స్క్రీన్ ఎర్త్ వైరుని మళ్లీ సీబీసీటీలోంచే కిందికి దించి కట్టాలి. మాకు పైనే కట్టేశారు, ఎక్కడో ఫాల్ట్ అయితే మా బ్రేకర్ పడేది. టెర్మినేషన్ సీబీసీటీ కిందే అయిపోతే ఇది అక్కర్లేదు.

పల్ప్_చిత్తూరు:
ఆదివారం ఎల్‌సీ (లైన్ ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, డిశ్చార్జ్ రాడ్ వేసి, రెండు చివర్లా బ్రెయిడ్లు విప్పి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెడితే ఇంకా జీరోనే! ఆర్మర్ గ్లాండ్ (కేబుల్‌ని బాక్సుకి బిగించే భాగం) ద్వారా బాక్సుకి తగులుతోంది. పైగా గ్లాండ్ ప్లేటు ఇనుముది, మూడు కేబుళ్లకీ వేర్వేరు రంధ్రాలు, అదీ వేడెక్కుతోంది. ఇన్సులేటెడ్ గ్లాండ్లు, అల్యూమినియం ప్లేటు, ఎస్‌వీఎల్‌లు చెన్నైలో ఆర్డర్ పెట్టాం. అవి వచ్చేదాకా బ్రెయిడ్లు మళ్లీ కట్టేసి, లోడ్ తగ్గించి నడుపుతున్నాం. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు.