హరికేన్ మోడల్‌పై ఎరుపు లేని గుర్తు వేయడం ఎలా?

అందరికీ నమస్కారం. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ గారి నాయకత్వంలో భారత వైమానిక దళపు నంబర్ 1 స్క్వాడ్రన్ నడిపిన యుద్ధవిమానం హరికేన్‌ను 1/72 స్కేల్‌లో చేస్తున్నాను. గుర్తుల దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

కిట్‌లో ఇచ్చిన డెకాల్స్‌లో (అంటించే గుర్తుల్లో) గుండ్రటి గుర్తు మధ్యలో ఎర్ర చుక్క ఉంది. బర్మా వైపు ఎగిరిన విమానాలకు అది ఉండకూడదు కదా! జపాన్ విమానాల ఎర్ర సూర్యుడిలా కనిపించి సొంతవాళ్లే కాల్చేస్తారని ఎరుపు తీసేశారు. బయట ముదురు నీలం, లోపల లేత నీలం మాత్రమే మిగిల్చారు. అందుకే డెకాల్ వద్దనుకుని రంగుతోనే వేస్తున్నాను.

ముందు లేత నీలం స్ప్రే చేసి, ఆరాక మధ్యలో టేప్‌తో కోసిన చిన్న బిళ్ల అంటించి, చుట్టూ ముదురు నీలం కొట్టాను. టేప్ తీస్తే అంచు కిందికి రంగు పాకి, వలయం రంపపు పళ్లలా వచ్చింది. రెండుసార్లూ అంతే. ముదురు నీలానికి ముందు టేప్ అంచు మీద క్లియర్ కోట్ (రంగులేని పూత) కొడితే ఆగుతుందా? లేత నీలానికి ముదురు నీలంలో తెలుపు ఏ పాళ్లలో కలుపుతున్నారు? నాది మరీ ఆకాశనీలంలా వస్తోంది. తోకమీది పట్టీకీ అదే రంగు కావాలి. ఎవరైనా చేసి ఉంటే దయచేసి చెప్పండి. ఆ విమానం సరిగ్గా రావాలని చాలా ఆశగా ఉంది.