కౌన్సెలింగ్ సెంటర్ గోడలకి చేతిపని పెట్టాలి, ఏది బాగుంటుంది?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. రాజమండ్రిలో మేం నలుగురం నడిపే చిన్న ట్రస్టుకి కొత్త బిల్డింగ్ వచ్చింది. కింద కౌన్సెలింగ్. పైన డిప్రెషన్, స్కిజోఫ్రీనియా లాంటివాటి నుంచి కోలుకుంటున్నవాళ్లకి టైలరింగ్, కంప్యూటర్ నేర్పి ఎక్కడైనా పనిలో కుదురుస్తాం. గోడలన్నీ తెల్లగా, అచ్చం ఆస్పత్రిలా ఉన్నాయి. ఏదైనా చేతిపని పెట్టించండని ఒక దాత లక్షన్నర ఇస్తానన్నారు. మెట్ల పక్కన రెండంతస్తుల ఎత్తు గోడ ఉంది, అక్కడ తోలుబొమ్మలు వేలాడదీయాలని నా ఆశ. కమిటీలో ఒకాయనేమో "నవ్వుతూ బతకాలి" అని ఫ్లెక్స్ కొట్టించి అంటిద్దాం అంటున్నారు, వినగానే ఒళ్లు మండింది. ఇలాంటి పని చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇటుకసున్నం:
నేను ఆర్కిటెక్ట్‌ని. మొదటి మాట, వేలాడేవి వద్దండి. ఇలాంటి బిల్డింగుల్లో మేం ముందు చూసేది తాడు కట్టడానికి వీలున్న చోటు ఎక్కడైనా ఉందా అనే. కొక్కెం, కర్టెన్ రాడ్, ఆఖరికి తలుపు పైన గడియ కూడా. మీది డే సెంటరే కావచ్చు, అయినా ఆ జాగ్రత్త తప్పదు. అద్దం ఫ్రేములు కూడా వద్దు, అక్రిలిక్ వేయించండి. తోలుబొమ్మ మీద అంత ఇష్టముంటే, అవి తయారుచేసే ఊరు నిమ్మలకుంటలో చేయించి గోడలోకి దించిన పెట్టెలో వెనక లైటు పెట్టండి. మేకతోలు పల్చగా గీసి రంగులు వేస్తారు కాబట్టి లైటు పడితేనే దాని అందం. కానీ మీ గోదావరి చెమ్మకి తోలు బూజు పడుతుంది, పెట్టెలోకి గాలి ఆడేలా చూడండి.

బొమ్మ ఏం ఉండాలంటే, చెట్టూ నీళ్లూ. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన ఒక పరిశోధన ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు, ఇటుక గోడ కనపడినవాళ్ల కంటే తొందరగా ఇంటికెళ్లారట, నొప్పి మందులూ తక్కువ వాడారట. అది కిటికీ సంగతే, బొమ్మల సంగతి కాదు, ఒప్పుకుంటా. అయినా తలాతోకా లేని మోడరన్ ఆర్ట్ కంటే మామిడి కొమ్మ నయం.

లక్కపిడత:
మా అమ్మమ్మగారిది లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ నొక్కితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులతో చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లనే అడగండి. ఎండ తగిలే గోడకి మాత్రం పెట్టకండి, లక్క పాడవుతుంది. ఇంకో సంగతి, షాపులో కాకుండా నేరుగా ఊరెళ్లి చేసేవాళ్లకే ఆర్డర్ ఇవ్వండి.

మూడోబెంచీ:
నేను ఆ కుర్చీల్లో కూర్చున్న మనిషినే, అందుకని రాస్తున్నా. వేరే ఊళ్లో ఒక సెంటర్‌కి ఎనిమిది నెలలు వెళ్లాను. ఎదురుగా రెండు ముక్కలైన ముఖం పెయింటింగ్, మధ్యలో నల్లటి గీత. లోపల ఏముందో నాకు తెలుసు కదా, మళ్లీ గోడ మీద ఎందుకు? అక్కడే మాచేత గుడ్డ మీద కలంకారీ వేయించారు. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాం, బెల్లమూ ఇనపముక్కలూ కుండలో వేసి రోజుల తరబడి పులియబెట్టాం, నల్లరంగు కోసం. రోజూ వెళ్లి మూత తీసి వాసన చూసేవాళ్లం. నిజం చెప్పాలంటే చాలారోజులు నేను మంచం దిగింది ఆ కుండ కోసమే.

చివరికి దాన్ని ఫ్రేము కట్టించి కింద "పేషెంట్ల కళ" అని బోర్డు పెట్టారు. పైసా ఇవ్వలేదు. ఉద్యోగాలిప్పించే చోట పని ఉచితంగా చేయించుకుంటే ఎలాగండీ? మీరైనా కూలి కట్టివ్వండి, పేరు వేయాలో వద్దో వాళ్లనే అడగండి. ఓపెనింగ్ రోజు పేపరువాళ్లొస్తే ఫొటోల దగ్గర జాగ్రత్త, చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు వాళ్లు ఒప్పుకోకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

గోదారిగట్టు:
మూడోబెంచీ గారూ, మీరు రాసింది మా కమిటీలో చదివి వినిపించాను, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వేలాడదీయడం మానేశాం. మెట్ల గోడకి పెద్ద చట్రం, అడ్డంగా రెండు చివరలా గోడలోకి దిగిన కడ్డీలు, వాటికి నిమ్మకాయంత లక్కపూసలు. ఎదురుచూసేవాళ్లు వేలితో తిప్పుకోవచ్చు, జరుపుకోవచ్చు. పూసలు ఏటికొప్పాక నుంచి తెప్పిస్తాం, ఏ రంగు పక్కన ఏ రంగు అనేది మా పైఅంతస్తు వాళ్లు నిర్ణయించి వాళ్లే ఎక్కిస్తారు, రోజుకూలి టైలరింగ్ ఆర్డర్లకి ఇచ్చేంతే. లక్కపిడత గారూ, అన్ని పూసలకి ఎన్నాళ్లు పడుతుందో అమ్మమ్మగారి ఊళ్లో కాస్త కనుక్కుంటారా? ఫ్లెక్స్ ఆయన అలిగారు, స్కూటర్ స్టాండ్ గోడ ఇచ్చి సర్దిచెప్పాం.