సమస్యాపూరణం: కాయలేని చెట్టు కాపు కాచె

నిర్వాహకుడు: అందరికీ నూతన సంవత్సర వందనాలు. ఈ వారం సమస్య «కాయలేని చెట్టు కాపు కాచె». ఇది ఆటవెలదిలో నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. కొత్త ఏడు ప్రభువు సేవలో గడపాలన్న భావం పూరణలో పలకాలి.

గుంటూరు మాస్టారు: లూకా సువార్త 13లో, కాయడం లేదని యజమాని నరికెయ్యమన్న అంజూరపు చెట్టును తీసుకున్నాను.

మూడు వత్సరములు మోడుగా నున్నట్టి
తరువు చుట్టు త్రవ్వి తగిన యెరువు
వేసి తోటమాలి వేడగా నేడాది
కాయలేని చెట్టు కాపు కాచె

నిర్వాహకుడు: ధార హాయిగా ఉంది మాస్టారూ. వరస మాత్రం తారుమారైంది. మాలి ముందు గడువు అడిగాడు, తవ్వడం, ఎరువెయ్యడం ఆ తర్వాతి పని. మూడో పాదం «వేతు నంచు మాలి వేడగా నేడాది» అంటే యతీ నిలుస్తుంది, కథా నిలుస్తుంది. ఇంకోటి: చెట్టు కాసిందో లేదో లూకా చెప్పలేదు. «ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము» అని మాలి బతిమాలాక, ఫలిస్తే సరి, లేకుంటే నరికించమన్నాడు, అంతే. మీ «కాచె»ను ఆ మాలి మీద నమ్మకంగా తీసుకుంటున్నాను. మనకు దొరికిన ఈ ఏడాది కూడా అలా అడిగి తెచ్చిన గడువే కదా!

ఖమ్మం చెల్లి: నాది బైబిల్లోని సంఖ్యాకాండం 17, మోషే అన్న అహరోను కర్ర.

ఎండు కర్ర యందు నిగురులు పూవులు
బాదములును పొడమె ప్రభుని యెదుట
రాత్రి గడచినంత రవి లేచు వేళకు
కాయలేని చెట్టు కాపు కాచె

మాస్టారు: భేషమ్మా! రాత్రికి రాత్రి బాదం కాయడం సమస్యకు అతికినట్టుంది. కానీ ఆ కర్ర చిగిర్చింది యాజకసేవకు దేవుడు ఎవరిని ఏర్పరచుకున్నాడో తేల్చడానికి. ఆ సేవ మాట పద్యంలో ఎక్కడా లేదు. అహరోను పేరూ లేదు, తెలియనివాళ్లకు ఉత్త గారడీలా ఉంటుంది.

చెల్లి: నిజమే మాస్టారూ, రెండో పాదం మళ్లీ రాస్తాను.

విజయవాడ అక్కయ్య: నాది వాచినైటు మీద, అదే డిసెంబరు 31 రాత్రి ఆరాధన.

వాచినైటు ముగిసి వాగ్దానమును బొంది
గోడ కతికి మరచు గుణము మాని
మంచమందు నున్న మనిషి కన్నము బెట్ట
కాయలేని చెట్టు కాపు కాచె

నిర్వాహకుడు: ఈ వారం నా మనసు దోచింది ఇదే అక్కయ్యా. కొత్త ఏడాదికని సంఘంలో ఇచ్చే బైబిలు వచనం, ఆ వాగ్దానం కార్డు క్యాలెండరు పక్కన అతికించి, ఏ వచనం వచ్చిందో సంక్రాంతికే మరిచిపోయే ఇళ్లు ఎన్ని లేవు! «వాచినైటు» గ్రాంథికంలో ఒదగదనేవాళ్లుంటారు, మార్చకండి, మన సంఘాల్లో అందరూ అనే మాట అదే.

మాస్టారు: మూడో పాదం «మనిషికన్–నముబెట్ట», నగ, సల గణాలు. లెక్క సరిపోయింది. మా సంఘం పిల్లలు ఆదివారం ఆరాధన కాగానే ప్రభుత్వాసుపత్రికి గంజి క్యారియర్లు తీసుకెళ్తారు. తోడెవరూ లేని ముసలివాళ్ల పక్కన కూర్చుని చెంచాతో పట్టిస్తారు. ఈ పద్యం వాళ్లకు చదివి వినిపించనా అక్కయ్యా?

అక్కయ్య: తప్పకుండా మాస్టారూ. మా వీధిలోనూ ఒక పెద్దావిడ మంచాన పడి ఉన్నారు, రేపటి నుంచి ఆవిడ మధ్యాహ్నం భోజనం మా ఇంటిదే.